పోయిన ఫైలు, రాని జాగా

లచ్చన్న పడి ఇరవై మూడు రోజులైంది. నిర్మల్ పక్క పల్లె నుంచి ఈ ఎడారి దేశానికి పనికి వచ్చిన మనిషి. నాలుగో అంతస్తు బయటి గోడకు పని చేస్తుండగా నడుముకున్న సేఫ్టీ బెల్టు తెగింది. ప్రాణం దక్కింది. కాళ్ళ సంగతి డాక్టర్లు ఇంకా చెప్పడం లేదు. ఆ బెల్టు మా కొట్టు నుంచి వెళ్ళింది, నలభై ఒకటో లాటుది. లాగి చూసే పరీక్షలో కుట్లు విడిపోయాయని మా స్టోర్‌కీపర్ మీరా హుస్సేన్ స్వయంగా ఆపి, కంప్యూటర్‌లో ఎర్ర గుర్తు పెట్టిన లాటు. మే రెండో తేదీ ఉదయం పదకొండూ ఇరవైకి ఆ గుర్తును ఎవరో తీసేశారు. తీసినవాడి పేరు దగ్గర హుస్సేన్ పేరే ఉంది. పాస్‌వర్డ్ కూడా అతనిదే.

ఆ సమయానికి పంటి డాక్టర్ దగ్గర ఉన్నానని హుస్సేన్ అంటాడు. ఫోన్లోంచి కూడా మార్చవచ్చు కదా అని పోలీసులు అంటారు. మార్పు ఫోన్లోంచి జరిగిందా, కొట్టులో ఏదైనా మిషన్ మీంచి జరిగిందా అన్నది సర్వర్‌కు తప్ప ఇంకెవరికీ తెలియదు. సర్వర్ తాను చేసే ప్రతి పనినీ వరుసగా రాసుకుంటుంది, దాన్ని లాగ్ అంటారు. ఆ లాగ్ తీయించి చూద్దామని నేను బుధవారం అన్నాను. గురువారం పొద్దున్నే సర్వర్ డిస్కు నిండిపోయి బిల్లింగ్ ఆగిపోయింది. శుక్రవారం మూడింటికి హుస్సేన్ కంపెనీ ఉత్తరంతో స్టేషన్‌లో ఉండాలి. ఆ ఉత్తరంలో ఏం రాస్తామన్నదాన్ని బట్టి అతను సాయంత్రం ఇంటికొస్తాడా, అక్కడే ఉండిపోతాడా అన్నది తేలుతుంది.

ఇక శుక్రవారం సంగతి చెబుతాను.

పదిన్నరకు రేణుక అబ్రా పడవలో క్రీక్ దాటి వచ్చింది. అవతలి ఒడ్డున కంప్యూటర్లు బాగుచేసే కంపెనీలో పనిచేస్తుంది. మెట్‌పల్లి అమ్మాయి, మాట తక్కువ. నైఫ్ బజారులో మా కొట్టు మెట్ల కింద ఉన్న చిన్న గదిలో సర్వర్ ఉంటుంది. ఇద్దరు నిలబడితే మూడోవాడికి గాలి ఆడదు. ఆ పూట నలుగురం ఉన్నాం. రేణుక, నేను, గుమ్మంలో హుస్సేన్, అతన్ని ఆనుకుని నా భాగస్వామి రత్నాకర్.

రత్నాకర్‌తో నాది పదహారేళ్ళ పొత్తు. సరుకు నాది, గిరాకీ అతనిది. లైసెన్సు నా పేరు మీద ఉంది. లచ్చన్నది అతని మండలమే. ఆసుపత్రికి ఒకసారి వెళ్ళొచ్చాడు, రెండోసారి వెళ్ళలేదు. అది నేను గుర్తు పెట్టుకున్నాను. ఆ రోజు అతని చేతిలో ప్లాస్టిక్ ఫైలుంది. అందులో టైపు చేసిన ఉత్తరం. మా స్టోర్‌కీపర్ మీరా హుస్సేన్ ఎవరికీ చెప్పకుండా తన ఇష్టప్రకారం నలభై ఒకటో లాటు విడుదల చేశాడని, కంపెనీకి సంబంధం లేదని. కింద నా సంతకం, స్టాంపు పడాలి. హుస్సేన్ వింటుండగానే చదివాడు. చదివాక కాగితం మీద గోటితో కొడుతూ, ఇంకా ఏం చూస్తావని నన్నడిగాడు. హుస్సేన్ నేల చూస్తూ నిలబడ్డాడు. మూడు వారాలుగా అతను అనే మాట ఒకటే, ఆ గుర్తు నేను తీయలేదండి అని. ఎవరు తీశారని అడిగితే మాత్రం నోరు విప్పడు.

రేణుక కీబోర్డు మీద డీఎఫ్ అని కొట్టింది. నూట ఇరవై జీబీ డిస్కు, నూటికి నూరు నిండింది. తరవాత డీయూ అని కొట్టింది, ఉన్న ఫైళ్ళన్నీ కలిపితే ఎంతో చెప్పమని. అవన్నీ కలిపి యాభై కూడా లేవు. ఆ అమ్మాయి వెనక్కి తిరగకుండానే, లాగ్ ఫైలు ఎవలు తీసేసిన్రు అని అడిగింది.

నేను తీసేసిన అన్నాడు రత్నాకర్. తడుముకోలేదు. నిన్న సాయంత్రం గిరాకీలు వరుస కట్టి నిలబడితే, జాగా అంతా తింటున్న ఫైలు ఏదో చూసి తీసేశాడట. డెబ్బై జీబీ ఉందట. ఓనర్ పాస్‌వర్డ్ అతని దగ్గరా ఉంది, అందులో తప్పేముందని అడిగాడు.

హుస్సేన్ అప్పుడు తల ఎత్తాడు. అతని ముఖం చూడలేక నేను రేణుక వైపు తిరిగాను.

"ఫైలు పోయింది సార్," అంది రేణుక. "జాగ మాత్రం రాలే. డెబ్బై జీబీ తీసేస్తే డెబ్బై జీబీ ఖాళీ కావాలె గద. కాలే."

"అంటే?"

"అంటే ఇంక పోలే అన్నట్టు. పేరు ఒక్కటే పోయింది. ఆ లాగ్ రాసే ప్రోగ్రాం దాన్ని ఇంక పట్టుకోనే ఉన్నది. అది వదిలిపెట్టేదాక జాగ రాదు, ఫైలు పోదు."

కొట్టువాడికి ఈ మాట ఇట్టే అర్థమవుతుంది. జాబితాలోంచి కొట్టేసిన సరుకు, కూలీ భుజం మీద ఇంకా ఉంది. దించేదాకా అది మనదే. మరి ఎప్పుడు పోతుందని అడిగాను. మిషన్ ఆపితే పోతుందంది. ఆపి మళ్ళీ పెట్టినా పోతుందంది. కరెంటు పోయినా పోతుందంది.

"అయితే ఆపు," అన్నాడు రత్నాకర్. "బంద్ చేసి మళ్ల చాలు చెయ్యి. జాగ వస్తది, బిల్లింగ్ నడుస్తది, ఖలాస్. బయట సైటోళ్ళు గంటన్నర నుంచి నిలబడ్డరు."

అంటూనే హుస్సేన్‌ను భుజంతో పక్కకు నెట్టి లోపలికి వచ్చాడు. గోడకున్న స్విచ్ బోర్డు నా మోకాలి ఎత్తులో ఉంటుంది. అతని చెయ్యి దాని మీదికి వెళ్తున్నప్పుడు నేను స్టూలు జరిపి, బోర్డుకు వీపు ఆనించి కూర్చున్నాను. అతని చెయ్యి నా భుజం మీద పడి అక్కడే ఆగింది. పదహారేళ్ళలో మేము మాటలతో చాలా సార్లు కొట్టుకున్నాం. ఒకరి మీద ఒకరం చెయ్యి వేసుకోవడం అదే మొదలు.

"లే అన్నా. నీ మంచికే చెప్తున్న."

నా మంచి సంగతి ఎవరైనా నాకు చెబుతుంటే, ముందు వాళ్ళ మంచి ఎంతో చూసుకోవడం నా అలవాటు. అందుకని లేవలేదు. మిషన్ ఆపకుండా బిల్లింగ్ నడిపించే దారి ఉందా అని రేణుకను అడిగాను.

ఉందంది. అసలు ఇంత లాగ్ ఎందుకు పెరిగిందో ముందు చెప్పింది. మా లేబుల్ ప్రింటర్ మార్చిలో చెడిపోయింది. పారేశాం. పారేసినట్టు సర్వర్‌కు ఎవరూ చెప్పలేదు. ప్రింటర్ దొరకడం లేదు, ప్రింటర్ దొరకడం లేదు అని సెకనుకు యాభై సార్లు చొప్పున అది మూడు నెలలుగా రాసుకుంటూనే ఉంది. మామూలుగా పాత లాగ్‌ను వారానికోసారి మిషన్ తనంతట తానే కత్తిరించి పారేస్తుంది. ఆ ఏర్పాటు ఇక్కడ ఎవరో ఆపించారంది.

ఆపించింది నేను. ఈ దేశంలో అడుగుపెట్టినప్పటి నుంచీ నేను ఒక్క చీటీ పారేసి ఎరుగను. గేట్ పాసులు, డెలివరీ రసీదులు, చిరిగిపోయిన చలాన్లు అన్నీ పై గదిలో అట్టపెట్టెల్లో ఉన్నాయి. పారేసిన కాగితమే రేపు కావలసి వస్తుందని నా నమ్మకం. సర్వర్ పెట్టిన రోజున కూడా అదే చెప్పాను, ఏదీ పారెయ్యకూడదని. ఆ మాట వల్లే డిస్కు నిండింది. ఆ మాట వల్లే మే రెండో తేదీ ఇంకా బతికి ఉంది. లాభం, నష్టం ఒకే మూటలో వచ్చాయి.

మిషన్ జర్నల్ అని ఇంకొకటి కూడా రాసుకుంటుందట. అది పది రోజులు దాటినదాన్ని దానంతట అదే మరిచిపోతుందట కాబట్టి మన పనికి రాదంది రేణుక. జర్నల్‌ను ఐదు వందల ఎంబీకి కుదించమని ఒక్క వరుస కొట్టింది. మూడున్నర జీబీ ఖాళీ అయింది. ప్రింటర్ పేరు తీసేసింది, రొద ఆగింది. రెండు నిమిషాల్లో కౌంటర్ దగ్గర బిల్లు ప్రింటర్ కదిలిన చప్పుడు వినిపించింది. బయట సైటువాళ్ళు ముందుకు జరిగారు.

రత్నాకర్ చెప్పిన కారణం తీరిపోయింది. నేను అతని ముఖం చూస్తూ కూర్చున్నాను. బేరంలో నేను నేర్చుకున్నది ఇదొక్కటే. ఎదుటివాడు చెప్పిన అడ్డంకి తీర్చి చూడాలి. తీరాక కూడా వాడు కదలకపోతే, వాడు వచ్చిన పని వేరే. రత్నాకర్ కదల్లేదు. కొట్టు నడుస్తోంది కదా, ఇంకా మిషన్ ఎందుకు ఆపాలని అడిగాను. మూడున్నర జీబీ జాగాతో ఎన్ని రోజులు నడుస్తుందన్నాడు. తరవాత, నీకు ఎవడి మీద నమ్మకముందో వాడి కోసం నన్ను దొంగను చేస్తున్నావా అన్నాడు. నేను ఇంకా ఎవరినీ దొంగ అనలేదన్నాను. అతని చెవులు ఎర్రబడ్డాయి.

ఫైలు పేరు పోయినా, ప్రోగ్రాం చేతిలో ఉన్నదాన్ని చూసి ఇంకో డిస్కులోకి నకలు తీయవచ్చంది రేణుక. ముందు మొత్తం నకలు తీయాలి, ఆ తరవాతే చూడాలి. మధ్యలో కరెంటు పోతే నకలే దిక్కు. డెబ్బై జీబీ పట్టే డిస్కు ఆ అమ్మాయి దగ్గర లేదు. రెండు సందుల అవతల దొరుకుతుంది. నేను లేస్తే స్విచ్ రత్నాకర్‌కు దొరుకుతుంది. రత్నాకర్‌ను పంపితే సాయంత్రానికి కూడా రాడు. జేబులోంచి కార్డు తీసి హుస్సేన్‌కు ఇచ్చాను.

"కేసు మీద ఉన్నోని చేతికే డిస్కా?" అన్నాడు రత్నాకర్. "మస్తున్నదన్నా నీ ఇన్సాఫ్. వాడు దారిలనే ఎయిర్‌పోర్టు టాక్సీ ఎక్కుతడు చూడు."

"పాస్‌పోర్టు స్టేషన్‌లో ఉందండి రత్నాకర్ గారు," అన్నాడు హుస్సేన్. మూడు వారాల్లో అతను రత్నాకర్‌తో అన్న మొదటి మాట అది. "మీరే కదండి తీసుకెళ్ళి ఇచ్చారు."

పదకొండు నిమిషాల్లో తిరిగొచ్చాడు. అంత తొందరగా తెచ్చేవాడు ఇంకొకడు ఉండడని నాకు తెలుసు. ఎవరికి అందరికంటే ఎక్కువ అవసరమో వాళ్ళకే పని అప్పజెప్పాలి. చొక్కా చెమటకు వీపుకి అంటుకుపోయింది. డిస్కు పెట్టె రేణుకకు ఇచ్చి మళ్ళీ గుమ్మంలోనే నిలబడ్డాడు.

నకలుకు ముప్పావుగంట పట్టింది. ఆ ముప్పావుగంటా నేను స్టూలు దిగలేదు. రత్నాకర్ కూడా బయటికి పోలేదు. ఎదురుగా మెట్టు మీద కూర్చుని, నా మీద ఎన్ని ఉన్నాయో అన్నీ తీశాడు. కోవిడ్ రోజుల్లో సత్వా పేటలో పనివాళ్ళ రూములకు తిండి పంపింది తానైతే పేరు నాకు వచ్చిందన్నాడు. ముదీర్ అని పిలిపించుకునే యజమాని కుర్చీ నాది, తిట్లు మాత్రం తనకన్నాడు. హుస్సేన్ నా కోనసీమవాడు కాబట్టి వెనకేసుకొస్తున్నానన్నాడు. నేను ఊరుకోలేదు. లచ్చన్న నీ మండలం వాడు కదా, వాడిని ఎందుకు వెనకేసుకు రాలేదని అడిగాను. భూమవ్వ, అంటే లచ్చన్న భార్య, ఊళ్ళో నుంచి ఫోన్ చేసి ఆ బెల్టు పంపిందెవలు అని ఒక్క మాట అడిగితే, నువ్వెందుకు ఫోన్ పెట్టేశావని అడిగాను. దానికి అతను ప్లాస్టిక్ ఫైలు ఒకసారి తెరిచి మూశాడు. అంత మాటకారి కాగితంలోకి తలదాచుకోవడం నాకు గెలుపులా అనిపించింది. అప్పుడు అనిపించిందంతే.

పన్నెండూ ఇరవైకి నకలు పూర్తయింది. సరిచూసుకుని, మొత్తం వచ్చింది సార్ అంది రేణుక. మే రెండు, పదకొండూ ఇరవై, లాటు నలభై ఒకటి అని కొట్టి మిషన్‌ను వెతకమంది. ప్రింటర్ మొరల గుట్టలోంచి ఒక్క వరుస తీయడానికి మిషన్‌కు చాలాసేపు పట్టింది. హుస్సేన్ జేబులోంచి తెల్ల టోపీ తీసి చేతిలో నలుపుతున్నాడు. ఒంటిగంటుంపావుకు జుమ్మా నమాజు. అక్కడి నుంచి నేరుగా స్టేషన్‌కి.

వరుస వచ్చింది. రేణుక దాన్ని వేలితో చూపిస్తూ చదివింది.

"ఫోన్ కాదు సార్. కొట్ల మిషనే."

హుస్సేన్ గుండెల నిండా గాలి పీల్చి వదలడం విన్నాను. నేను రత్నాకర్ వైపు తిరిగాను. రేణుక అతని మిషన్ నంబరు చదువుతుందని నా నమ్మకం. అనవలసిన మాటలు కూడా వరసగా పెట్టుకున్నాను. అతను నన్నే చూస్తున్నాడు. ఆ చూపులో భయం లేదు. విసుగుంది.

"ఏ మిషన్?" అన్నాను.

"ముందటి టేబుల్," అంది రేణుక. తరవాత గొంతు తగ్గించి, "మీ మిషనే సార్."

ఆ ఉదయం కళ్ళముందుకు వచ్చింది, ఒక్కో ముక్కగా. లేబుల్ ప్రింటర్ పోయాక స్టిక్కర్లు బయట కొట్టించి అంటించేవాళ్ళం. అంటించేదాకా ప్రతి లాటుకూ ఎర్ర గుర్తు పెట్టేవాడు హుస్సేన్. రెండు నెలల్లో ముప్పై లాట్లు అలా ఆగాయి. స్టిక్కర్లు రాగానే, హుస్సేనూ ఎర్రది తీసెయ్ అని కౌంటర్ దగ్గర నుంచి నేను కేకేసేవాణ్ణి, అతను తీసేవాడు. గుర్తు పక్కనే కారణం రాసే గడి ఉంటుంది. స్టిక్కర్, స్టిక్కర్, స్టిక్కర్ అని చూసి చూసి, దాన్ని చదవడం నేనెప్పుడో మానేశాను. ఆ రోజు సైటువాడు లారీ నడిరోడ్డు మీద ఆపి నలభై బెల్టులు యల్లా యల్లా, తొందర తొందర అని నా ప్రాణం తీశాడు. హుస్సేన్ లేడు. అతని పేరుతో తప్ప ఎర్ర గుర్తు పోదు. ఫోన్ చేసి పాస్‌వర్డ్ అడిగి నేనే తీశాను.

ఆ పని చేసినట్టు గుర్తు లేదని నేను అబద్ధం చెప్పను. గుర్తుంది. ఆ పనికీ ఈ లాటుకూ ఎప్పుడూ ముడి పెట్టుకోలేదు, అంతే. చీటీ ముక్క కూడా పారెయ్యని నేను, దాన్ని మాత్రం ఎక్కడో పారేసుకున్నాను.

"ఆ దినం నీ ఎదురుంగ కుర్సీల కూసున్న," అన్నాడు రత్నాకర్. గొంతులో ఇప్పుడు కోపం లేదు, అది ఉన్నా బాగుండేది. "నువ్వు ఫోన్ల అడిగి కొట్టినవ్. నీకు యాదికి లేదు, నాకున్నది. వాడు జీతగాడు. ఆరు నెల్లు జైలు పడతది, ఊరికి పోతడు, మనం చూసుకుంటం. నువ్వు పోతే లైసెన్స్ పోతది. ఇరవై రెండు మంది వీసాలు పోతయి. లెక్క నువ్వే చెప్పు, నువ్వే గద లెక్కలోనివి."

నేను హుస్సేన్ వైపు తిరిగాను. నేను అడగకముందే అతనే చెప్పాడు.

"డాక్టర్ గారి కుర్చీలో ఉన్నానండి, నోట్లో దూది. అయినా అక్షరం అక్షరం చెప్పాను." టోపీని మడత పెట్టాడు. "ఏ లాటుకో మీరు చెప్పలేదు, నేనూ అడగలేదు. మీకు గుర్తొస్తుంది, మీరే చెబుతారులే అనుకున్నానండి. ఇరవై మూడు రోజులు చూశాను."

కౌంటర్ దగ్గర బిల్లు ప్రింటర్ ఆగకుండా కొడుతూనే ఉంది. ఉత్తరం ఉన్న ప్లాస్టిక్ ఫైలు ఎప్పుడు నా ఒళ్ళోకి వచ్చిందో తెలియదు. దాని మీద నా కలం కూడా ఉంది. రత్నాకరే పెట్టి ఉంటాడు. గోడ గడియారం పన్నెండూ యాభై చూపిస్తోంది.

రేణుక డిస్కు ఊడదీసి, తీగ చుట్టి, అరచేతిలో పెట్టుకుని మా ముగ్గురి వైపు చూసింది.

"నా పని అయిపోయింది సార్. ఇది ఎవలకియ్యాలె?"

రత్నాకర్ చెయ్యి ముందుకొచ్చింది. గుమ్మంలోంచి హుస్సేన్ చెయ్యి కూడా వచ్చింది. ఆ ఇరుకులో వాటి మధ్యకు ఇంకో చెయ్యి వెళ్ళింది. అది నాదేనని కాసేపటికి గానీ నేను పోల్చుకోలేదు.